మూగబోయిన టాపెట్ – పరిశేషానుమానం

న్యాయదర్శనం పరిగణించిన షోడశ పదార్థాలలో సంశయం మూడవది, నిర్ణయం తొమ్మిదవది. ఆ రెంటి నడుమ ప్రయోజనం మొదలు తర్కం వరకు ఐదు పదార్థాలున్నాయి. ఆ దూరాన్ని ఒక్క అంగలో దాటబూనడం లోకంలో సర్వసాధారణం. రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత సంస్కృతోపన్యాసకుని పాత మారుతి 800 విషయంలోనూ తొలుత అదే జరిగింది.

అది కార్బ్యురేటర్ కాలపు బండి, మూడు సిలిండర్లది. నిలిపి ఉంచినప్పుడు ఇంజిన్ కుంటేది, స్టీరింగు వణికేది. వేగం పుంజుకున్నాక దోషం దాదాపు అంతర్హితమయ్యేది. భార్యను వారానికి రెండుమార్లు డయాలసిస్‌కు తీసుకువెళ్ళడానికి ఆ ఇంట ఉన్న వాహనం అదొక్కటే. మొదటి షెడ్డులో కార్బ్యురేటర్ విప్పి కడిగారు, తగ్గలేదు. మూడు ప్లగ్గులూ మార్చారు, తగ్గలేదు. ఇక హెడ్ దించాలన్నారు. దూరాన ఉన్న కుమారుడు ఫోనులో, "తుక్కు కింద ఇచ్చేయండి నాన్నా" అన్నాడు.

ఆ షెడ్డువారి అనుమానంలో హేతువు ఇంజిన్ కుంటడం, సాధ్యం కార్బ్యురేటర్ దోషం. కానీ కార్బ్యురేటర్ నిర్దుష్టంగా ఉన్నచోట కూడా ఇంజిన్ కుంటవచ్చు. సాధ్యం లేనిచోట సైతం కనబడే హేతువును తార్కికులు సవ్యభిచారమంటారు. అటువంటి హేత్వాభాసకు గిరాకీ డబ్బు చెల్లించవలసి రావడం మాత్రం శాస్త్రగ్రంథాలలో లేని విశేషం.

బంధువొకరు చెప్పగా ఉపన్యాసకుడు బండిని మరొక వృద్ధ మెకానిక్ వద్దకు తీసుకువెళ్ళాడు. అతడు పానా పట్టకముందే ఇంజిన్‌ను నడుస్తూ ఉండనిచ్చి, రబ్బరు తొడుగున్న పటకారుతో ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటే లాగి, మళ్ళీ తగిలించాడు. (ఈ పరీక్ష ఆ పాత బళ్ళకే తగినది, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నవాటికి ప్రమాదకరం.) మొదటిది లాగితే ఇంజిన్ కుంగింది, మూడవది లాగినా కుంగింది. నడిమిది లాగినప్పుడు ఏ భేదమూ లేదు. పనిచేయనిది ఏదో వ్యతిరేకం వలన తేలింది. మూడింటికీ ఇంధనమిచ్చే కార్బ్యురేటర్ ఒక్కటే గనుక, దాని మీది అభియోగం అక్కడే బలహీనపడింది. తరువాత నడిమి ప్లగ్గును, వైరును పక్క సిలిండరువాటితో మార్చి చూశాడు. దోషం వాటి వెంట పోలేదు, నడిమి సిలిండరులోనే నిలిచింది.

అప్పుడు కంప్రెషన్ గేజి తెచ్చాడు. పక్క రెండింటిలో ముల్లు 160 దాకా లేచింది, నడిమిదానిలో 85 దగ్గర ఆగింది. ఆ సిలిండరులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలిచినా ముల్లు పెరగలేదు. రింగులు అరిగి ఉంటే నూనె ఆ సందులను పూడ్చి కొలత పెరగవలసినది. గాస్కెట్ రెండు సిలిండర్ల నడుమ చిట్లి ఉంటే పక్కదాని కొలత కూడా పడిపోవలసినది. రేడియేటరులో నీరు తగ్గడం లేదు. ఇక మిగిలినది వాల్వు. శేషవత్ అనే అనుమానభేదానికి వాత్స్యాయనుడు చెప్పిన రెండవ అర్థం ఇదే: ప్రసక్తమైనవాటిని ఒక్కొక్కటిగా నిరాకరించగా శేషించినదానిని గ్రహించడం. ఉపన్యాసకుడు దశాబ్దాల పాటు పాఠం చెప్పిన పదమది.

వాల్వుల మూత విప్పుతుండగా ఆయన కొంత గర్వంగా, "ఈ ఇంజిన్ ఎంత నిశ్శబ్దమో చూశారా, టాపెట్ల చప్పుడే వినబడదు" అన్నాడు.

మెకానిక్ తలెత్తాడు. "టాపెట్లు కొట్టుకుంటే అందరూ కంగారుపడతారండి మాష్టారూ. మూగబోయినదాన్ని చూసే నేను కంగారుపడతానండి."

రాకరుకూ వాల్వు కాడకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి, వేడికి కాడ సాగుతుంది గనుక. ఏళ్ళ తరబడి సీటు అరిగేకొద్దీ వాల్వు లోతుకు దిగబడి, కాడ రాకరు వైపు జరుగుతుంది, ఖాళీ పూడిపోతుంది. చప్పుడు ఆగిపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు వాయువు తప్పించుకునేందుకు వ్యవధి ఎక్కువ, వేగంగా తిరిగేటప్పుడు తక్కువ. వేగంలో దోషం మాయమవడానికి కారణమిదే. పైగా ఎగ్జాస్ట్ వాల్వు సీటును తాకినప్పుడే తన వేడిని వదులుకోగలదు, తాకకపోతే అంచు కాలిపోతుంది.

అనుపలబ్ధిని నైయాయికులు ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించరు. భాట్టమీమాంసకులు, అద్వైతులు అంగీకరిస్తారు. ఉండవలసిన శబ్దం లేకపోవడాన్ని ఆ మెకానిక్ వినగలిగిన తీరు చూస్తే, ఈ ఒక్క విషయంలో భాట్టుల పక్షానికి మొగ్గాలనిపిస్తుంది.

నడిమి ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర ఫీలర్ గేజిలోని అతి పలుచని రేకు కూడా దూరలేదు. స్క్రూ సడలించి ఖాళీ సరిచేశాక ముల్లు 130 చూపింది. ఇంజిన్ కుంటడం తగ్గింది.

"అయితే హెడ్ దించనక్కరలేదన్నమాట" అన్నాడు ఉపన్యాసకుడు.

"అప్పుడే అనకండి. అంచు కొంత కాలే ఉంటుందండి. వెయ్యి కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. ఖాళీ మళ్ళీ మూసుకుపోతే దించక తప్పదు."

ఆయన మీటరు అంకెను చిన్న పుస్తకంలో వ్రాసుకున్నాడు. బండి ఇప్పుడు ఆస్పత్రికి యథావిధిగా వెళుతున్నది. ప్రతి ఉదయమూ ఇంజిన్ వేడెక్కేదాకా ఆయన బానెట్ తెరిచి, ఆ చిన్న చప్పుడు వినబడుతున్నదా అని చెవి ఒగ్గుతున్నాడు. వెయ్యి కిలోమీటర్లు ఇంకా పూర్తి కాలేదు.