మెసేజ్ ఆగితే 53.5 వోల్టులు

రొయ్యల గుంట దగ్గర కరెంట్ పోవడమంటే ఇంట్లో ఫ్యాన్ ఆగినట్టు కాదు. పగలు నీళ్లలోని సన్నటి పాచి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అదే పాచి రొయ్యలతో పోటీపడి పీల్చేస్తుంది. తెల్లవారుజాముకి అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడు ఏరియేటర్లు ఆగి, జనరేటర్ వేయాల్సిన మనిషికి మెలకువ రాకపోతే పంటంతా పోవచ్చు. అందుకే ఇందుకూరుపేట దగ్గర మా మామ గుంట గట్టున ఒక 48 వోల్టుల బ్యాటరీ పెట్టాం. ఆక్సిజన్ మీటరు, సైరన్, ఫోన్లకి కాల్ కొట్టే డబ్బా దాని మీదే నడుస్తాయి.

దాన్ని ఛార్జ్ చేయడానికి నేను తెచ్చింది టెలికాం పరికరాల్లో వాడే రెక్టిఫయర్, హువావే ఆర్4850జీ2. చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. 85 నుంచి 300 వోల్టుల దాకా ఎంత వచ్చినా తట్టుకుంటుంది, మన పల్లె లైన్లకి అదే కావాలి. కాకపోతే దానికి నాబ్ లేదు. వోల్టేజీ మార్చాలంటే క్యాన్ బస్‌లో మెసేజ్ పంపాలి.

"ఏందబ్బయ్యా, స్క్రూ తిప్పితే అయ్యే పనికి ఇంత తతంగమా?" అన్నాడు మామ.

క్యాన్ అనేది కార్ల కోసం బాష్ కంపెనీ తయారుచేసి 1986లో బయటపెట్టిన పద్ధతి. మెలేసిన రెండు వైర్ల మీదే బండిలోని డబ్బాలన్నీ మాట్లాడుకుంటాయి. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే చిన్న నంబరున్న మెసేజ్ ముందుకెళ్తుంది, రెండోది తగ్గి ఆగుతుంది. (మా ఇంట్లో ఎవరూ ఇలా తగ్గరు.) రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. పవర్ ఆపి వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే 60 చూపించాలి. కోడ్ తెరిచే ముందే ఇది చూడండి. సముద్రపు గాలికి పిన్నులు చిలుమెక్కుతాయి. మాకొచ్చిన తంటాల్లో సగం చిలుము వల్లే.

లెక్క మాత్రం సింపుల్. కావాల్సిన వోల్టేజీని 1024తో గుణించాలి. 56 అంటే 57344, రెండు బైట్లుగా విడదీస్తే 224, 0. 54కైతే 216, 0. ఎనిమిది బైట్ల మెసేజ్‌లో చివరి రెండూ ఇవే. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, దానికో ట్రాన్సీవర్ చాలు. మాది 16 సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. నిండేదాకా 56, నిండాక 54.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ రెక్టిఫయర్‌కి ఒకసారి చెప్పి ఊరుకుంటే కుదరదు, చెబుతూనే ఉండాలి. దాదాపు నిమిషం పాటు మెసేజ్ రాకపోతే తన మెమరీలో దాచుకున్న వోల్టేజీకి వెళ్లిపోతుంది. మామూలుగా అది 53.5. టవర్ దగ్గర ఇది ఎందుకు అవసరమో ఊహించండి. కంట్రోలర్ చచ్చిపోయినా ఊరి ఫోన్లు ఆగకూడదు, బ్యాటరీ ఉడికిపోకూడదు.

మామ కూడా సూటిగా ఇదే అడిగాడు: "నీ బోర్డు చెడిపోతే బ్యాటరీ ఏమైద్ది?"

ఆ మెమరీలో కూడా 56 రాసేస్తే బోర్డుతో పనే ఉండదు కదా అని ఒక ఫ్రెండ్ సలహా. నాకు నచ్చలేదు. తుఫాను వస్తే మా గట్టు మీదకి రెండు మూడు రోజులు ఎవరూ పోలేరు. అన్ని రోజులూ చూసే దిక్కు లేకుండా 56 దగ్గర నిలబెట్టడం కన్నా, బ్యాటరీ కాస్త వెలితిగా ఉన్నా 53.5 మేలు. సైరన్‌కి ఆ ఛార్జ్ సరిపోతుంది.

బ్యాటరీ విప్పేసి మామ ముందే పరీక్ష పెట్టాం. ఉంచితే దాని వోల్టేజీయే మీటర్‌లో కనిపిస్తుంది కదా. క్యాన్ వైర్ పీకాను. మామ ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చూస్తున్నాడు. కాసేపు 56 అలాగే ఉంది. తర్వాత మీటరు 53.5కి దిగి అక్కడే ఆగింది.

ఇప్పుడు బోర్డు సెకనుకోసారి మెసేజ్ పంపుతోంది. నవంబరు వానలకి ముందు పిన్నులు తుడిచే పని మామ తీసుకున్నాడు.