డబ్బా మీది పేరు

బాపు కారు బ్రేకు తొక్కితే కీచుమంటోందని అక్క కోరుట్ల నుంచి ఫోన్ చేసింది. ఆ శనివారం జగిత్యాల వెళ్లాను. మెకానిక్ అన్న చక్రం విప్పి చూపించాడు. కొత్తలో పది మిల్లీమీటర్ల పైన ఉండే ప్యాడ్ మూడుకు వచ్చింది. అరిగిపోయిందని చెప్పడానికే దానికో చిన్న రేకు పెడతారు, అది డిస్కుకు రాసుకుని అరుస్తుంది.

"కంపెనీది ఎయ్యాల్నా, బయటిదా?" అన్నాడు. కంపెనీది 2,800, బయటిది 1,500.

"బయటిదే ఎయ్యి," అన్నాడు బాపు. నేను వద్దన్నాను. నా మనసులో ఉన్నది కొండగట్టు. 2018 సెప్టెంబర్ 11న ఆ ఘాట్ దిగుతూ, పట్టేదానికంటే ఎంతో ఎక్కువ మందితో ఉన్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 50 మందికి పైగా పోయారు. బాపు నెలకోసారి ఆ గుట్ట ఎక్కుతాడు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. మొదట తెలిసిందేమిటంటే, కార్ల కంపెనీలు మామూలుగా ప్యాడ్లు తయారుచెయ్యవు. చెన్నైలో పుట్టిన బ్రేక్స్ ఇండియా, రాణే లాంటి సంస్థలు చేసి వాళ్లకిస్తాయి. అవే తమ సొంత డబ్బాలో బజారుకూ పంపుతాయి. అలాగని రెండు డబ్బాల్లోనూ ఒకటే మసాలా ఉంటుందని కాదు. అంచు మీద ఎఫ్ఎఫ్, జిజి అని రెండక్షరాలుంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. ఘాట్ దిగేవాడికి రెండోదే ముఖ్యం. యూరప్‌లో ఆర్-90 అనే నియమం ఉంది. విడిగా అమ్మే ప్యాడ్ పనితీరు అసలుదానికి 15 శాతం అటూఇటూలోనే ఉండాలి. అంటే 'బయటిది' అన్నంత మాత్రాన చెడ్డది కాదు. భయపడాల్సింది మూడోదానికి: కంపెనీ పేరు అచ్చేసుకున్న నకిలీకి.

పొద్దున ఇదంతా చెబితే బాపు నవ్వాడు. సిరిసిల్లలో ఇరవై ఏళ్లు సాంచెలు నడిపిన ఆసామి ఆయన. "సాంచెకు పికర్ కొనేటప్పుడు డబ్బా జూస్తమారా? ఎవడు చేసిండు, ఎవడు అమ్మిండు, ఇరిగితే ఎవన్ని అడగాలె, గది జూస్తం. అగ్గువది ఏసినమనుకో, నాడె ఎగిరి మనిషికి తగుల్తది."

నేను పుస్తకాల మీద రాసేటప్పుడు ప్రచురణ సంస్థ పేరు చూసి సగం తీర్పు ముందే ఇచ్చేస్తుంటాను. ఇక్కడా చేసింది అదే.

చివరికి పేరున్న తయారీదారుడి బయటి ప్యాడ్లే, బిల్లు ఇచ్చే దుకాణంలో కొన్నాం. అక్షరాలు చూసుకున్నాను. మిగిలిన డబ్బుతో బ్రేక్ ఆయిల్ మార్పించాను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, బాగా వేడెక్కితే ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది.

కొత్త ప్యాడ్లు కుదురుకోవాలని కోరుట్ల దాకా మెల్లగా ఆపుతూ తోలి, అక్కను కలిసి వచ్చాం. మరునాడు కొండగట్టు. దర్శనమయ్యాక దిగేటప్పుడు బాపు మొదటి మలుపుకు ముందే గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టాడు.

"బాపూ, గదేంది?"

"పెట్రోలు కలిసొస్తది కొడుకా. ఎప్పుడూ గిట్లనే దిగుత."

ఒక్క క్షణం నోట మాట రాలేదు. న్యూట్రల్‌లో ఇంజన్ బండిని పట్టి ఉంచదు. బరువంతా ప్యాడ్ల మీదే పడుతుంది. అవి కాగిపోతే 2,800వైనా 1,500వైనా పట్టు వదిలేస్తాయి. నేను వారమంతా డబ్బాల గురించి చదివాను గానీ, ఆయన ఎలా దిగుతాడో ఒక్కసారీ అడగలేదు.

"రెండో గేరు ఎయ్యి బాపూ. పెట్రోలు పైసలు నేనిస్త."

గొణుక్కుంటూనే వేశాడు. ఇంజన్ గుర్రుమంది, బండి నెమ్మదించింది. కింద దాకా ఆయన బ్రేకు తొక్కింది నాలుగుసార్లే.