నడిచే చైనుకి తుప్పు పట్టదు

మా వీధి మలుపులో అపార్ట్‌మెంటు పునాదులు తవ్వుతున్న పొక్లెయిన్ దగ్గర ఆ రోజు అరగంట నిలబడ్డాను. దాని చైన్లనే చూస్తున్నాను. ఆపరేటరు టీ గ్లాసుతో దగ్గరికొచ్చి, "ఏం చూస్తున్నరు సార్?" అన్నాడు. చైనుకి తుప్పు ఎక్కడ పడుతుందో చూస్తున్నానని చెప్పాను. అతనికి ఆ మాట వింతగా తోచలేదు. గ్లాసు పక్కన పెట్టి, వంగి, ఇనుప పలక అంచు మీద వేలితో గీసి చూపించాడు. "రోజూ తిరిగే చైనుకి తుప్పు పట్టదు సార్. నేలకి రాసుకునే కాడ అద్దం లెక్క ఉంటది. వారం పది రోజులు బండి నిలబెడితే అప్పుడు పడతది. అది కూడా పైపైన్నే."

ఆ సంగతి నాకు అత్యవసరం. ఇంట్లో బల్ల మీద జానెడైనా పొడవు లేని ప్లాస్టిక్ షెర్మన్ ట్యాంకు ఉంది. నేను రంగులు వేస్తున్న మొట్టమొదటి ట్యాంకు. దాని రెండు చైన్లకూ ముందురోజు రాత్రే నారింజరంగు తుప్పు పూసి, ఎంతో బాగా వచ్చిందనుకుని పడుకున్నాను.

షెర్మనే ఎందుకంటే, సికింద్రాబాద్‌లో పెరిగినవాణ్ణి కాబట్టి డెక్కన్ హార్స్ అనే పేరంటే నాకు మమకారం. నిజాం రాజ్యంలో పుట్టిన గుర్రపు దళం అది. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, హై వుడ్ అనే అడవి దగ్గర ఈటెలు పట్టి గుర్రాల మీద దూసుకెళ్ళింది. ఆ తర్వాత రెండు నెలలకు, సెప్టెంబరు 15న, ప్రపంచంలో మొదటిసారిగా ట్యాంకులు పోరులోకి దిగింది ఆ సోమ్ నేల మీదే. వాటిలో కొన్ని వెళ్ళింది కూడా ఆ హై వుడ్‌లోకే. నలభై తొమ్మిదేళ్ళు గడిచాక, 1965 సెప్టెంబరులో, అదే రెజిమెంటు షెర్మన్ ట్యాంకులతో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులకు ఎదురు నిలిచింది. ఆ షెర్మన్లలో ఒకటి నా చేతులతో తయారుకావాలని కోరిక. కిట్‌తో వచ్చిన తెల్ల నక్షత్రాలు అమెరికా సైన్యం గుర్తులు. వాటిని పెట్టెలోనే ఉంచేశాను.

ఈ బొమ్మల కొలత 1:35. జపాన్‌లో తమియా కంపెనీవారు 1960ల మొదట్లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు చేసినప్పుడు, లోపల బ్యాటరీలు పట్టేంత చోటు చూసుకుంటే ఆ కొలత వచ్చింది. అదే లోకమంతా పాకింది. ఆరు మీటర్ల షెర్మన్ 17 సెంటీమీటర్లవుతుంది, ఆరడుగుల మనిషి 5 సెంటీమీటర్లవుతాడు. ఇది అందరూ వేసే లెక్క. దీన్ని తిప్పి వెయ్యాలని నాకు ఆలస్యంగా తెలిసింది. పెచ్చు లేచిన రంగు చూపించడానికి స్పాంజి ముక్కతో నేను అద్దిన చుక్క 2 మిల్లీమీటర్లు. అంటే అసలు ట్యాంకు మీద 7 సెంటీమీటర్ల పెచ్చు! అలాంటివి రెండు వందలు పెట్టాను. దగ్గర్నుంచి చూస్తే ట్యాంకుకు అమ్మవారు పోసినట్టుంది. తర్వాత సూదిమొనతో, మూతల అంచుల్లో, చేతులు తగిలే చోట మాత్రమే, ఇరవై ముప్పై పెట్టాను. అవి చాలు.

రంగు కూడా అంతే. డబ్బాలోని ఆలివ్ పచ్చను ఉన్నదున్నట్టు వేస్తే బొమ్మ నల్లగా కనిపిస్తుంది. అసలు ట్యాంకును మనం ఎప్పుడూ కొంత దూరం నుంచే చూస్తాం. మధ్యనున్న గాలి, వెలుతురు, దుమ్ము దాని రంగును పలచన చేస్తాయి. గుప్పెట్లో పట్టే బొమ్మకు ఆ దూరాన్ని రంగులోనే కలిపి ఇవ్వాలి. పచ్చలో కొంచెం లేత పసుపు, ఇంకొంచెం తెలుపు కలిపి పలకల మధ్యభాగాల్లో పలచగా మళ్ళీ వేశాను. ఎండ ఇప్పుడు దాని మీదే పడుతున్నట్టు అనిపించింది. ఈ మొత్తం పనిలో నా మనసు మొదటిసారి నిండింది అక్కడే.

అదే వారంలో ఓ పక్కంతా పాడుచేసుకున్నాను. ముదురు గోధుమరంగును పలచగా కలిపి రివెట్ల చుట్టూ, వెల్డింగు గీతల వెంట పారించాలి. ద్రవం సన్నని సందుల్లోకి తనంతట తాను పాకి నీడలా నిలుస్తుంది. కలపడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే ఘాటు థిన్నర్ తెచ్చాను. అది కింద ఉన్న రంగునే కాదు, ప్లాస్టిక్‌ను కూడా తినేసింది. కింద నీటితో కలిసే ఆక్రిలిక్ రంగు వేసి, దాని మీద వార్నిష్ పూత ఆరనిచ్చి, ఆపైన నూనెరంగును టర్పెంటుతో పలచన చేసి పారించాలి. అప్పుడు పైపొర తుడిచినా కింది పొర చెదరదు. గరుకు కాగితంతో రుద్ది, ఆ పక్క మొత్తం మొదటినుంచి వేశాను. నాలుగు రాత్రులు పట్టింది.

పొక్లెయిన్ దగ్గర్నుంచి ఇంటికొచ్చి చైన్లను భూతద్దంతో చూశాను. నా షెర్మన్ చైన్లు రబ్బరు దిమ్మెలవి. రబ్బరుకు తుప్పేమిటి? దిమ్మెల కొసలను కలిపే ముక్కలే ఇనుము. అవి ముందున్న పళ్ళచక్రానికి రాసుకుంటాయి కాబట్టి ఆపరేటరు చెప్పినట్టు మెరవాలి. నారింజరంగంతా కడిగేసి, దిమ్మెలకు బొగ్గులాంటి బూడిదరంగు, కొసలకు పెన్సిలు పొడి అద్దాను. వేలితో రుద్దగానే పెన్సిలు పొడి ఉక్కులా మెరిసింది.

ఇక బురద. అసల్ ఉత్తర్‌లో మన సైనికులు కాలవ నీళ్ళను పొలాల్లోకి వదిలారు. ఆ తడిసిన నేలలో ప్యాటన్లు దిగబడిపోయాయి. ఇది చదివి నేను నా షెర్మన్‌ను పొట్టదాకా బురదలో ముంచుదామనుకున్నాను. కానీ మునిగినవి ప్యాటన్లు. మనవాళ్ళ ట్యాంకులు గుర్రపునాడా ఆకారంలో చెరకు తోటల చాటున కాచుకున్నాయి. కదలకుండా నిలబడ్డ బండికి బురద చక్రాల దగ్గరే ఆగాలి. పైన దుమ్ము, ఆకులు, మూత పక్కన నూనె చార ఉండాలి, అంతే.

మట్టి మా పెరట్లోంచి తెచ్చాను. ఆరబెట్టి, కల్వంలో నూరి, మందుల చూర్ణంలా వస్త్రగాళితం పట్టాను. అయినా ఒక్కో రేణువు చక్రాల మధ్య గులకరాయిలా కనిపించింది. పైగా ఎర్రమట్టి. పంజాబ్‌ది లేత బూడిద కలిసిన ఒండ్రు. అందుకే పెరటి మట్టి వదిలేసి, రంగు సుద్దముక్కలను గరుకు కాగితం మీద అరగదీసి ఆ చూర్ణం వాడాను. తడి బురద ముదురుగా, కొంచెం నిగనిగలాడుతూ సందుల్లో ఉంటుంది. ఆరినది అంచుల్లో పాలిపోతుంది. రెండూ పక్కపక్కన వేస్తేనే, ఈ నేల నిన్న తడిసిందని కళ్ళకు తెలుస్తుంది.

అంతా అయిందనుకున్నాక కూడా ఏదో వెలితి. నిలబడి ఎదురుచూసిన ట్యాంకు చుట్టూ జరిగేదేమిటని ఆలోచించాను. లోపల ఐదుగురు. నీళ్ళకు దిగుతారు, గుండ్లు అందుకుంటారు, పిలుపొస్తే పరుగున ఎక్కుతారు. ఎక్కేది ముందు వాలు పలక మీద కాలు వేసి. సన్నని కుంచెను ఒండ్రు రంగులో ముంచి, డ్రైవరు మూత పక్కన బూటు ముందుభాగమంత ముద్ర ఒకటి వేశాను. మూడు మిల్లీమీటర్ల వెడల్పుంటుందేమో. దాని పైన రెండోది, జారినట్టుగా. టరెట్ మీదికి ఎక్కేచోట మూడోది, సగం చెరిగిపోయి.