పందెపు బండ్ల చాటున

భయమును వినోదముగా మలచుకొనుట మనకు క్రొత్తగాదు. తిరునాళ్లలో రంగులరాట్నమెక్కి, పైకి లేచునపుడు కన్నులు మూసికొని, దిగినవెంటనే మరల నెక్కుదమని మారాము చేయని బాలిక యుండదు. అమెరికాలో నా ముచ్చటయే రోలర్ కోస్టరను పేర కొండంతగా పెరిగినది. మాకు దానియందు మక్కువ మెండు.

పిట్స్‌బర్గునందలి శ్రీ వేంకటేశ్వరాలయమునకు పోవు తెలుగు కుటుంబములు పెక్కు. ఆ నగరసమీపముననే 1898లో వెలసిన కెన్నీవుడ్ అను వినోదోద్యానము గలదు. అందు 1927లో జాన్ మిల్లరను శిల్పి కల్పించిన 'రేసర్' అను కొయ్యకోస్టరున్నది. 70 అడుగులకు మించిన యెత్తునుండి రెండు బండ్లు ప్రక్కప్రక్కన పందెముగా దుముకును. ఎడమవైపున బయలుదేరిన బండి తుదకు కుడివైపున వచ్చి నిలుచును. కంటికి రెండుగా దోచు నా దారి నిజమున కొక్కటే!

మా పదేండ్ల కుమార్తె తానును ఎక్కుదునని పట్టుబట్టినది. "అమ్మాయీ, ఆ కట్టెల మేడను నమ్మి పిల్లను పంపుదువా?" అని మా అత్తగారడిగిరి. ఆమె ప్రశ్న సమంజసమే. సమాధానమును వెదకుటకే, అనుమతి పొంది, యొకనాడు ద్వారములు తెరువక మునుపే లోని కేగితిమి.

అప్పటికే యొక వృద్ధవడ్రంగి సుత్తి చేతబూని పట్టాలవెంట నడచుచుండెను. అడుగడుగున నిలిచి మరలను తడవి చూచుచు, కొయ్యను తట్టి నాదము నాలకించుచుండెను. పలకలు పొరలుపొరలుగా జేర్చి, పైన నినుపపట్టీ బిగించినదే దారి. బండికి మూడువిధములగు చక్రములు: పైనవి బరువు మోయును, ప్రక్కవి దారి తప్పనీయవు, పట్టా క్రింద నిమిడినవి బండిని పైకి లేవనీయవు. ఈ క్రిందిచక్రము జాన్ మిల్లరు కల్పనయే. గొలుసుతో కొండ నెక్కునపుడు మనకు గుండెదడ పుట్టించు టకటక శబ్దము, బండి వెనుకకు జారకుండ కొక్కెము పండ్లమీద పడు చప్పుడట!

"ఇది ఊగుచుండునే?" యని యడిగితిమి. "ఊగవలెనమ్మా, బిగుసుకొన్న కొయ్యయే విరుగును" అని యతడు నవ్వెను. చివికిన పలకను తీసి క్రొత్తది వేయుట యేటేట జరుగు పని. తరువాత వట్టిబండ్లను పలుమారు నడపి చూచిరి. కొండ దిగిన పిమ్మట వానికి యంత్రబలము లేదు. కూర్చున్నవారి బరువు, ఇరుసుల చమురు, నాటి యెండ, ఇవియే గెలుపోటములను నిర్ణయించును. పొద్దెక్కి చమురు వేడెక్కినకొలది వేగము హెచ్చును.

ఆ మధ్యాహ్నమే అమ్మాయిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని యెక్కితిమి. మా బండి యోడినది. ఆమె కా సంగతియే తెలియలేదు. దిగువ నిలిచిన అత్తగారు మాత్రము మేము దిగువరకు చేతులు జోడించియే యుండిరట.

సోదరీమణులారా, పిల్లలను క్రొత్తచోటికి పంపునపుడు "అది భయంకరమా?" యని యడుగుటకంటె, "దానిని దినదినము కనిపెట్టువారెవరు?" అని యడుగుట మేలు. పొయ్యి రాజేయకమునుపు వంటిల్లు శుభ్రపరచు చేతులవలెనే, ఆ వడ్రంగి చేతులును ఎవరికంటను బడవు. అవి యొక్కనాడు మానినచో, తొంబదియేండ్లకు మించి నిలిచిన యా మేడ నిజముగా కట్టెలమోపే యగును.