ముందు టెస్టర్‌ను చూడాలె

కరెంటుకు మతం లేదంటారు. నిజమే. కరెంటు పోయినప్పుడు పిలిచే మిస్త్రీకి మాత్రం ఉంటుంది. జగిత్యాలలో పుట్టి, కోరుట్లలో పని నేర్చి, సిరిసిల్ల సాంచాల షెడ్లలో నడుం వంచినవాణ్ణి. నాకీ సంగతి వేరే ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

మా గల్లీలో భూమి ఉన్నవాళ్లు తక్కువ. అందుకే మోటరు వైండింగు, వెల్డింగు, వైరింగు పనుల్లో పడ్డాం. కొందరు దుబాయి పోయారు. ఆడవాళ్లు చాటలు ముందేసుకుని బీడీలు చుట్టారు. ‘సాయిబు మిస్త్రీ’ అన్న పేరు అట్లా వచ్చింది. ఆ పేరు వెనక ఒక హునర్ ఉంది. దాన్నెవరూ మా సంస్కృతిలో లెక్కపెట్టరు. ముస్లిం సంస్కృతి అంటే షేర్వానీ, బిర్యానీ, కవ్వాలీ! టెస్టర్ పట్టుకున్న చెయ్యి ఎవరికీ కనబడదు.

నాకు పని నేర్పిన ఉస్తాద్‌ది ఒకటే మాట. ‘పహెలే టెస్టర్‌కూ దేఖ్, బాద్‌మే తార్‌కూ’ అనేవారు. ముందు టెస్టర్‌ను చూడు, తర్వాతే వైరును.

వైరు ముట్టే ముందు మెయిన్ బంద్ చెయ్యాలి. ఫ్యూజు పీకి మన జేబులోనే వేసుకోవాలి. బోర్డు మీద పెడితే ఎవరో ఒకరు మంచి మనసుతోనే మళ్లీ బిగిస్తారు. ఇన్వర్టర్ ఉంటే అదీ బంద్ చెయ్యాలి. అప్పుడు టెస్టర్‌ను కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి చూడాలి. తర్వాత ముట్టుకోబోయే వైర్లన్నీ చూడాలి. ఫేజు ఒక్కటే కాదు, న్యూట్రల్, అర్థింగు కూడా. ఆఖరుకు మళ్లీ మొదటి చోటికే పోయి టెస్టర్ ఇంకా బతికే ఉందా చూడాలి. వెలగని టెస్టర్‌కు రెండు అర్థాలు. వైరులో కరెంటు లేదు, లేదా టెస్టరే చచ్చిపోయింది. మూడో చూపు లేకపోతే ఆ రెండో అర్థం మనిషి ప్రాణం తీసి గాని బయటపడదు.

జేబులో పెట్టుకునే టెస్టర్‌లో ఉండేది చిన్న నియాన్ బల్బు, దానికి తోడు పెద్ద రెసిస్టర్. అందులోంచి ఒక మిల్లీ ఆంపియర్ కన్నా తక్కువ కరెంటు మన ఒంట్లోంచే నేలలోకి దిగుతుంది. ఎండలో దాని వెలుగు కనబడదు. ఎండిన చెక్క స్టూలు మీద నిలబడితే మసకబారుతుంది. పక్క వైరు నుంచి ఊరికే ఎక్కిన వోల్టేజీకి కూడా వెలుగుతుంది. దాన్ని నమ్మి చెయ్యి పెట్టొద్దు. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి రెండు వైర్ల మధ్య కొలవాలి.

ఒక ఇంట్లో ఫ్యాను తిరగదు, బల్బు వెలగదు. ప్లగ్గులో టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. కొత్త పిల్లగాడు ‘రెండు ఫేజులొచ్చినయ్’ అంటాడు. వచ్చింది ఒకటే. న్యూట్రల్ ఎక్కడో తెగింది. స్విచ్చి వేసి ఉన్న బల్బు గుండా ఫేజే తెగిన వైపుకు తిరిగొచ్చింది. మీటరు పెడితే ఆ రెండు రంధ్రాల మధ్య దాదాపు ఏమీ ఉండదు. ఫేజుకూ అర్థింగుకూ మధ్య మాత్రం 230 చూపిస్తుంది.

సిరిసిల్లలో ఈ మాయ ఇంకా పెద్దది. అక్కడ కరెంటిచ్చేది 1970లో పుట్టిన సహకార సంఘం, జనం నోట సెస్. సాంచాలు ఆగితే ఆసామికి నష్టం, కార్మికుడికి పస్తు. త్రీ ఫేజు మోటరుకు ఒక ఫేజు పోతే మోటరు మూలుగుతుంది, వేడెక్కుతుంది. అయినా టెస్టర్ మూడు టెర్మినళ్ల మీదా వెలుగుతుంది. పోయిన ఫేజు మీద వెలిగేది వైండింగు గుండా తిరిగొచ్చిన వోల్టేజీ. మెయిన్ బంద్ చేసి మోటరు వైర్లు విప్పి, మళ్లీ వేసి, ఫేజులను జంటలు జంటలుగా కొలిస్తేనే దొంగ దొరుకుతాడు. ప్రతి జంటకూ దాదాపు 400 ఉండాలి. ఆసామి వెనక నిలబడి ‘భాయ్, జల్దీ’ అంటూనే ఉంటాడు. ఆ తొందరకు లొంగినవాడు ఇంటికి చేరడు.

ఇదే బతుకులో నా మీదా టెస్టర్లు పెట్టారు. స్టూలు మీద నిలబడి, నోట్లో స్క్రూ పెట్టుకుని, రెండు చేతులూ బోర్డులో ఉన్నవాణ్ణి అడుగుతారు: ‘భాయ్, మ్యాచ్‌ల నువ్వెవరి దిక్కు?’ ఇండియా అంటే దాచిపెడుతున్నాడంటారు. మాట్లాడకపోతే పాకిస్తాన్ అంటారు. వెలిగినా తప్పే, వెలగకపోయినా తప్పే! పూజగదిలో ప్లగ్గు చెడితే తానే పీట తెచ్చి వేసిన అమ్మలున్నారు, అది అబద్ధం కాదు. నేను వైరింగు చేసిన ఇంట్లోనే కిరాయికి గది అడిగితే ‘చుట్టాలొస్తున్నరు’ అన్నవాళ్లూ ఉన్నారు.

1992 డిసెంబరు 6 తర్వాత ఆ ప్రశ్నలు నాకు మరీ ఎక్కువగా వినబడ్డాయి. 2007లో హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పట్టుకుపోయిన ముస్లిం యువకుల్లో ఎందరో కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. వాళ్ల మీద పెట్టిన టెస్టర్‌ను ముందుగా ఎవరు చూశారు? ఆఖరుకు మళ్లీ ఎవరు చూశారు? 2016లో జగిత్యాల ఒక జిల్లా, సిరిసిల్ల ఒక జిల్లా అయ్యాయి. మా మీద పెట్టే టెస్టర్ మాత్రం పాతదే.

నన్ను కొలవొద్దని నేననను. కొలిచే ముందు మీ చేతిలో ఉన్నదాన్ని ఒకసారి చూసుకోండి. కొలిచాక మళ్లీ చూసుకోండి. రోజూ ప్రాణం పణంగా పెట్టి మేం పాటించే పద్ధతి ఇది. మీ ఇళ్లలో దీపాలు వెలుగుతున్నది కూడా ఆ పద్ధతితోనే.