జరిగిన కథ

వారపత్రికల్లో సీరియళ్ళు చదివిన తరానికి 'జరిగిన కథ' గుర్తుండే ఉంటుంది. ఆ వారం భాగానికి నెత్తిన, చిన్న అక్షరాల్లో, నాలుగైదు వాక్యాలు. పెళ్ళిళ్ళు, చావులు, ఆస్తి తగాదాలు అన్నీ అందులో ముక్తసరిగా ముగిసిపోయేవి. కింద రచయిత పేరు ఘనంగా ఉండేది గానీ, పైనున్న ఆ నాలుగు ముక్కలు రాసినవాడి పేరు ఎక్కడా ఉండేది కాదు. సీరియల్ రాయడం కంటే అది రాయడమే కష్టమని నా అభిప్రాయం. ఆ ఉద్యోగం ఇప్పుడు పత్రికాఫీసుల్లోంచి మన ఇళ్ళలోకి వచ్చిపడింది. పెద్ద సినిమా రెండో భాగం ఓటీటీలోకి దిగిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు జరిగిన కథ చెప్పాల్సి వస్తోంది.

హాల్లో ఈ అవసరం పెద్దగా రాదు. టికెట్టు కొన్నవాడు మొదటి భాగం చూసైనా వెళ్తాడు, చూసిన స్నేహితుణ్ణి వెంటేసుకునైనా వెళ్తాడు. ఇంట్లో టీవీ ముందుకు వచ్చేవాళ్ళని అడ్డుకునేవాడు లేడు. వంటింట్లోంచి ఒకరొస్తారు, అరుగు మీంచి ఒకరొస్తారు, పంచదార అప్పుకొచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే నిలబడిపోతుంది. అందరిదీ ఒకటే ప్రశ్న: వీళ్ళెవరు?

'అవతార్: ద వే ఆఫ్ వాటర్' సంగతి చూడండి. 2022 డిసెంబరు 16న హాళ్ళకు వచ్చింది. డిసెంబరంటే మా చోడవరం వైపు చెరకు నరికే కాలం. అప్పట్లో గోవాడ చక్కెర ఫ్యాక్టరీ గానుగాట, బెల్లం వండే పొయ్యిలు, రోడ్డు పొడవునా చెరకు ట్రాక్టర్లు. త్రీడీలో చూడాలంటే వైజాగ్ వెళ్ళాలి. అంటే నలభై కిలోమీటర్ల పైమాట. సబ్బవరం మీదుగా వెళ్ళే బీఎన్ రోడ్డు గోతుల గురించి ఈ వైపు పత్రికలు ఇన్నేళ్ళుగా రాసిన వార్తలన్నీ కుడితే ఓ సంపుటం అవుతుంది. పైగా నెల తిరిగేసరికి సంక్రాంతి, పోస్టరు మీద ఏకంగా 'వాల్తేరు వీరయ్య'. పేరులోనే మన వాల్తేరును పెట్టుకుని చిరంజీవి వస్తుంటే, అవతార్ వాళ్ళ పండోరా ఉపగ్రహం గోల ఎవరికి కావాలి? నాకూ అక్కర్లేకపోయింది.

అవతార్ రెండో భాగం 2023 జూన్ 7న డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లోకి వచ్చింది, తెలుగు మాటలతో సహా. హాలు నుంచి ఇంటికి రావడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. మన 'కల్కి 2898 ఏడీ' మరుసటి ఏడాది జూన్ 27న హాళ్ళలో మొదలై ఆగస్టు 22కే ఇళ్ళలో ఉంది, సరిగ్గా ఎనిమిది వారాలు. అవతార్ తీసిన కామెరూన్ ఓపిక వేరు. మొదటి అవతార్‌కీ రెండోదానికీ మధ్యనే పదమూడేళ్ళు తీసుకున్న మనిషి. ఏమైతేనేం, మాకు మంచి సమయానికే వచ్చింది. చెరకు పని లేదు, బడులు జూన్ 12న గానీ తెరవరు, ఎండకి పిల్లల్ని బయటికి పంపే ధైర్యం ఎవరికీ లేదు. అదే వారంలో, జూన్ 2న, వైజాగ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ వాళ్ళు 'ఫస్ట్ డే ఫస్ట్ షో' ప్రారంభించారు. కొత్త సినిమాని విడుదల రోజునే 99 రూపాయలకి ఇంట్లో చూడొచ్చని. ఆలోచన బాగానే ఉంది. పెద్ద హీరోల నిర్మాతలు మాత్రం హాళ్ళ వైపే నిలబడ్డారు. వాళ్ళ లెక్కలు వాళ్ళవి.

ఇంటికొచ్చేసరికి సినిమా ఏం పోగొట్టుకుంటుందో దాచిపెట్టి లాభం లేదు. త్రీడీ పోయింది. కొన్ని దృశ్యాల్లో సెకనుకి 48 ఫ్రేములు వేసి సాధించిన నునుపు పోయింది. ఇందులో నీళ్ళ కింది నటన కోసం కేట్ విన్‌స్లెట్ ఏడు నిమిషాల పైన ఊపిరి బిగబట్టడం నేర్చుకుంది. మా వీధిలో కుర్రాళ్ళు కొందరు ఆ కష్టాన్నంతా అరచేతిలో ఫోను అడ్డంగా తిప్పి చూశారు. అంతకంటే వింత శంకర్ '2.0'కి జరిగింది. 'రోబో'కి రెండో భాగం అది. త్రీడీ కెమెరాలతోనే తీసిన సినిమా, కథేమో సెల్‌ఫోన్లన్నీ ఎగిరిపోయి మనుషుల మీద పగ తీర్చుకోవడం. దాన్ని కూడా జనం సెల్‌ఫోన్లోనే చూశారు. ఆ ఫోన్లని ఎగరేసిన పక్షిరాజు ఆత్మ ఏమనుకుందో మరి.

అయితే ఇంట్లో దొరికేది హాల్లో దొరకదు. మా అమ్మ, మా చిన్నోడు పక్కపక్కన కూర్చున్నారు. వాడు మొదటి భాగం టీవీలో ముక్కలుముక్కలుగా చూసి ఉన్నాడు కాబట్టి జరిగిన కథ చెప్పే బాధ్యత వాడి మీద పడింది. "మామ్మా, ఈయన ముందు మనిషే. కాళ్ళు పని చెయ్యవు. ఆ నీలం ఒంట్లోకి వెళ్ళి నడిచాడు, ఆ పిల్లని పెళ్ళాడాడు, ఇంక వెనక్కి రాలేదు." మూడు గంటలకు దగ్గరైన మొదటి అవతార్ అంతా ఇదే. ఏ సబ్ఎడిటరూ ఇంతకంటే పొదుపుగా రాయలేడు. మా అమ్మ తలూపింది. "అత్తోరింట్లో ఉండిపోనాడన్నమాట. ఇల్లరికం."

చిక్కంతా క్వారిచ్ దగ్గర వచ్చింది. మొదటి భాగంలో బాణాలు దిగి చచ్చిన విలన్, రెండో భాగంలో నీలం ఒంటితో లేచి వస్తాడు. ముందే దాచిపెట్టిన అతని జ్ఞాపకాలని కొత్త దేహంలోకి ఎక్కించారని కామెరూన్ చాలాసేపు వివరిస్తాడు. చిన్నోడు దానికి తన వివరణ జోడించబోయాడు. మా అమ్మకి రెండూ అక్కర్లేకపోయాయి. "పాత పగ ఉండిపోనాది, తీర్సుకోడానికి మళ్ళీ పుట్నాడు. ఇందులో తెలవనిదేటుందిరా?" నిజమే కదా. మొదటి అవతార్ వచ్చిన 2009 సంగతి గుర్తు చేసుకుంటే జనవరిలో 'అరుంధతి', జూలైలో 'మగధీర'. డిసెంబరులో కామెరూన్ వచ్చేనాటికే మనం పునర్జన్మ విషయంలో బాగా తయారై కూర్చున్నాం. హాలీవుడ్డు శాస్త్రం చెప్పి నమ్మించాల్సిన చోట, మా ఇంట్లో ఎవరూ కన్నార్పలేదు.

తెలుగు మాటలు అవసరాల శ్రీనివాస్ రాశాడు. అవి లేకపోతే మా అమ్మ బొమ్మలు చూసి లేచిపోయేది. మాటలు అర్థమయ్యాయి కాబట్టి ఆవిడ తిమింగలాల కంటే కుటుంబాన్ని పట్టుకుంది. అడవిలో బతికిన హీరో జేక్ సల్లీ, శత్రువు తరుముతుంటే పెళ్ళాం పిల్లల్తో సముద్రం ఒడ్డు తెగ దగ్గర తలదాచుకుంటాడు. అక్కడి పిల్లలు వీళ్ళ సన్నటి తోకల్ని, చేతికి ఐదేసి వేళ్ళని చూసి ఎగతాళి చేస్తారు. మా వైపు నుంచి అచ్యుతాపురం, పరవాడ ఫ్యాక్టరీలకి ఉద్యోగాలకని వెళ్ళి, అక్కడే అద్దెకి దిగి, పిల్లల్ని కొత్త బళ్ళో వేసిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మా అక్క కూడా అలా వెళ్ళినదే. ఆ ఎగతాళి దృశ్యం దగ్గర మా అమ్మ అక్కకి ఫోన్ చేసింది. సినిమా ఆగింది. ఇరవై నిమిషాలు మనవరాలి బడి గురించి మాట్లాడుకున్నారు. అన్ని కోట్ల డాలర్ల గ్రాఫిక్స్ తెర మీద బిగుసుకుపోయి వాళ్ళ మాటలు అయ్యేదాకా ఎదురుచూశాయి. నాకది సినిమాకి జరిగిన అవమానంలా అనిపించలేదు.

మొత్తం 192 నిమిషాల సినిమా. ఒక్క కూర్చోవడంలో ఎవరు చూస్తారు? కరెంటు పోతుంది, పాలవాడు వస్తాడు, చిన్నపిల్లలు నిద్రపోతారు. రెండు మూడు సాయంత్రాలు సాగింది. ప్రతి సాయంత్రమూ కొత్తగా ఎవరో చేరడం, జరిగిన కథ మళ్ళీ మొదలు. చెప్పినప్పుడల్లా అది కొంచెం మారేది. మొదటిరోజు ఇల్లంత ఉన్న పాయకన్ అనే తిమింగలం మర్నాటికి వినాయకుడి గుడంత అయింది.

మా కాలంలో సినిమాలకి జరిగిన కథ చెప్పే దిక్కు కూడా ఉండేది కాదు. కేబుల్ వాడు ఏది వేస్తే అది చూడటమే, వరసా వావీ లేదు. 1991లో వచ్చిన 'టెర్మినేటర్' రెండో భాగం ముందు చూసి, ఎన్నో ఏళ్ళకి 1984 నాటి మొదటిది చూసినవాళ్ళు నా ఈడులో చాలామంది. రెండోదాంట్లో కుర్రాణ్ణి కాపాడటానికి ప్రాణమిచ్చిన మరమనిషి, మొదటిదాంట్లో వాడి తల్లిని చంపడానికి తిరుగుతుంటే మేం పడ్డ బాధ ఇంతా అంతా కాదు. తీసినవాడు అక్కడా కామెరూనే. ఇక మన సొంత 'ఆదిత్య 369' ఆ 1991లోనే వచ్చి, శ్రీకృష్ణదేవరాయల కాలానికీ 2504కీ తీసుకెళ్ళి తెచ్చింది. దాని రెండో భాగం 'ఆదిత్య 999' పేరు వింటూనే ఉన్నాం. టైమ్ మెషీన్ చేతిలో ఉన్నవాళ్ళకి తొందరేముంటుంది?

2025 డిసెంబరు 19న మూడో అవతార్, 'ఫైర్ అండ్ యాష్', హాళ్ళకు వచ్చింది. ఆ పోస్టరు పేపర్లో పడ్డ రోజు పక్కింటావిడకి జరిగిన కథ చెబుతోంది మా అమ్మ. చిన్నోడు ఇప్పుడు పెద్ద తరగతులకొచ్చాడు, వాడికి తీరిక లేదు. ఇల్లరికం దగ్గర మొదలుపెట్టి, సముద్రం ఒడ్డుకి వలస, తోకల ఎగతాళి, తిమింగలం స్నేహం, యుద్ధం అన్నీ చెప్పింది. రెండో భాగం చివర జేక్ పెద్దకొడుకు నెటెయామ్ తూటా తగిలి చనిపోతాడు. మా అమ్మ కథలో గాయపడి, పసరు కట్టు వేయించుకుని లేచాడు. లోపల లెక్కలు చేసుకుంటున్న చిన్నోడు ఉండబట్టలేక అరిచాడు, "మామ్మా, వాడు చచ్చిపోయాడు!"

"నువ్వు నోర్ముయ్యిరా. కత నాను సెప్తన్నాను," అని ఆవిడ పక్కింటావిడ వైపు తిరిగి, ఆ కుర్రాడికి సంబంధాలు చూస్తున్నారని కూడా కలిపింది.