మా ఫియట్టుకు డైనో కావాలా?

పీళమేడులో మా ఇంటి పోర్టికోలో 1986 నుంచి ఒక తెల్ల ప్రీమియర్ పద్మిని ఉంది. పేరు పద్మిని అయినా ఇంట్లో మేము దాన్ని ఫియట్టు అనే అంటాము. నైన డబ్బు కట్టి, రెండేళ్లు కాచుకుని తెచ్చుకున్న కారు. 1089 సీసీ ఇంజను, ఒక్క సోలెక్స్ కార్బొరేటరు, కంపెనీ లెక్కలో సుమారు 40 హార్స్‌పవర్. ఈనాటి చిన్న కార్లు దీన్ని చూసి నవ్వుకోవచ్చు. కానీ 86 ఏళ్ల మా నైనకు ఏడాదికొకసారి కూనూరు మీదుగా ఊటీకి ఈ కారులోనే పోవాలి, వేరే కారు ఎక్కరు.

2025 మే నెలలో అట్లాగే బయలుదేరాము. మేట్టుపాళయం దాటి, కల్లార్ దగ్గర కొండ మొదలు కాగానే ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. రెండో గేరులో యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ముందుకు పోవడానికి బదులు ఎవరో వెనక్కి పట్టి లాగినట్టుంది. హెయిర్‌పిన్ మలుపులో వెనకాల బస్సు హారను, పక్కన నైన మౌనం. బర్లియార్‌లో ఆపి అరగంట చల్లార్చాము. విచిత్రమేమిటంటే, కూనూరు చేరేసరికి దగ్గు దానంతటదే పోయింది. ఊటీలో హాయిగా తిరిగింది. ఇంటికి దిగి వచ్చాక మళ్లీ మొదటికే వచ్చింది.

సింగానల్లూరు మేస్త్రీకి చూపించాను. ఈ కారును మొదటి నుంచీ చూస్తున్నది ఆయనే. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి, లోపల ఏ వాల్వు ఎట్లా కొట్టుకుంటున్నదో చెప్పే మనిషి. కార్బొరేటరు స్క్రూ తిప్పుతూ ఇంజను శబ్దం ఎక్కడ నిండుగా వస్తే అక్కడ ఆపేవారు. ఈసారి రెండు మార్లు సెట్ చేసినా ఎక్కుడులో దగ్గు పోలేదు. ప్లగ్గులు విప్పి చూస్తే గోధుమ రంగులో ఉండవలసినవి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అట్లాగే బరువు లాగిస్తూ పోతే వాల్వులు, పిస్టన్లు కాలిపోతాయని ఆయనే అన్నారు.

బెంగళూరులో ఉన్న మావాడు ఫోనులో ఒక్క మాటలో తేల్చేశాడు. "నైనా, ఆ చెవి వైద్యం చాలించి డైనోలో పెట్టించు."

వాడికి తెలియనిది ఒకటుంది. మేస్త్రీకి డెబ్బై దాటాయి. కొన్నాళ్లుగా స్క్రూడ్రైవరు పిడిని కుడి చెవికే ఆనిస్తున్నారు, ఎడమ వైపు నుంచి పిలిస్తే తిరగరు. మా ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు కారును మిషన్ దగ్గరకు తీసుకుపోతే ఆ మాట ఎత్తినట్టే కదా!

అయినా విచారించి రావడంలో తప్పులేదని ఒకరోజు వెళ్లాను. కోయంబత్తూరులో ఇటువంటివాటికి కొదవ లేదు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి–పళని సర్వీసు మొదలుపెట్టిన మన జి.డి. నాయుడు గారి ఊరు ఇది. మారుతి ఇంజనుతో ఒంటి సీటు రేసు కార్లు చేయించి, 1995లో విమాన ప్రమాదంలో పోయిన కరివర్ధన్ గారి ఊరూ ఇదే. చెట్టిపాళయం రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

డైనో అంటే నేలలో అమర్చిన పెద్ద రోలర్లు. కారు వెనక చక్రాలను వాటి మీదికి ఎక్కించి, బెల్టులతో కట్టేసి, నిలబడ్డచోటే వంద మైళ్లు పోయినట్టు పరుగు పెట్టిస్తారు. చక్రాల దగ్గర ఎంత శక్తి వస్తున్నదో మిషన్ గీత గీసి చూపిస్తుంది. సైలెన్సరులో పెట్టిన సెన్సారు గాలి, పెట్రోలు పాళ్లు చెబుతుంది. అక్కడి కుర్రాడు నిజాయితీపరుడు. "సార్, శక్తి పెంచాలని అయితే రావద్దండి, ఈ ఇంజనులో పెరిగేది కొంచెమే. కొత్త కారయితే కంప్యూటరులో సరిచేస్తాము. దీనికి ప్రతిసారీ కార్బొరేటరు విప్పి జెట్టు మార్చాలి. గంట లెక్కన డబ్బులు. మీ దగ్గర జెట్లున్నాయా?" అన్నాడు. దగ్గుకు కారణం మాత్రం పెట్రోలులో కలిపే ఇథనాల్ అయి ఉంటుందన్నాడు.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. 2025కు దేశమంతా వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు సుమారు 13.5 కిలోలు చాలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది మరి. కొత్త కార్లలో సెన్సారు చూసుకుని పెట్రోలు పెంచుతుంది. మా సోలెక్స్‌లో ఉన్నది ఇత్తడి జెట్టు, అందులో ఒక రంధ్రం. పెట్రోలు మారిన సంగతి దానికెట్లా తెలుస్తుంది? ఇక కొండ సంగతి. పైకి పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది, కార్బొరేటరులో పెట్రోలు పాలు పెరుగుతుంది. కూనూరు దాదాపు 1850 మీటర్ల ఎత్తు. అక్కడికి చేరేసరికి ఇథనాల్ చేసిన లోటూ, పలుచని గాలి పెంచిన పాలూ ఇంచుమించు చెల్లుకు చెల్లు! దగ్గు కూనూరులో ఎందుకు ఆగిందో తెలిసి నాకు పట్టరాని సంతోషమైంది. మా ఆవిడ మాత్రం కాఫీ ఇచ్చి వెళ్లిపోయింది.

అయితే ఒక మెట్టు పెద్ద జెట్టు వేస్తే పోలేదా, డైనో ఎందుకు అనిపించింది. ఎంత పెద్దది? అక్కడే నాకు ఇంకో సంగతి తట్టింది. షెడ్డులో మేస్త్రీ స్క్రూ తిప్పి వినేది నిలబడి ఉన్న ఇంజనును. అప్పుడు పనిచేసేది ఐడిల్ జెట్టు. కొండ ఎక్కేటప్పుడు పనిచేసేది మెయిన్ జెట్టు. బరువు లాగుతున్న ఇంజనుకు హెయిర్‌పిన్ మలుపులో చెవి ఆనించి వినగలిగినవాడు ఎవడూ లేడు, రెండు చెవులూ బాగున్నవాడయినా సరే.

మర్నాడే వెళ్లి మేస్త్రీకి ఈ మాటే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. కుడి చెవి నా వైపు తిప్పుకుని, "కల్లార్‌ను ఇక్కడికే తెస్తారన్నమాట. సరే తంబి, నేనూ వస్తాను" అన్నారు.

రెండు రోజులు ఆయనే కారును సిద్ధం చేశారు. పాయింట్ల గ్యాపు, వాల్వు క్లియరెన్సు, ఫ్లోటు మట్టం చూశారు. ఇథనాల్‌కు ఉబ్బిపోయిన రబ్బరు గొట్టాలూ పంపు డయాఫ్రమూ మార్చారు. ఇవేవీ సరిచేయకుండా డైనోకు పోవడమంటే డబ్బు తగలేయడమే.

రోలర్ల మీద పూర్తిగా తొక్కి చూస్తే పాళ్లు 14 చూపించింది. 13కు లోపల ఉండాలన్నాడు కుర్రాడు. మేస్త్రీ చొక్కా జేబులోంచి పాత పొడుం డబ్బీ తీశారు. నిండా ఇత్తడి జెట్లు. ఒక్కోదాని మీద రంధ్రం వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన చెక్కి ఉంటుంది. కళ్లద్దాలు పైకెత్తి అంకె చదివి ఒకటి వేశారు. చాల్లేదు. రెండోది వేశారు. 12.8 వచ్చింది. కుర్రాడు ఆ డబ్బీని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఇటువంటివి ఎక్కడ దొరుకుతాయని అడిగితే, మేస్త్రీ ఇప్పుడెక్కడా దొరకవని చెప్పి డబ్బీ తిరిగి జేబులో వేసుకున్నారు.

సాయంత్రం నైనకు గీతల కాగితం చూపించాను. చక్రాల దగ్గర 30 హార్స్‌పవర్.

"కంపెనీవాడు నలభై అన్నాడే. తక్కిన పది ఏమయినాయిరా?" అన్నారు.

గేరుబాక్సూ డిఫరెన్షియలూ తింటాయని చెప్పాను. నమ్మినట్టు లేదు. కాగితం మడిచి దిండు కింద పెట్టుకుని, ఊటీకి ఎప్పుడు పోదామని అడిగారు.